“నా పాపమే నన్ను తింటోంది”: అంగిలి క్యాన్సర్ ఉన్న ఒక అమ్మకి సంఘం తోడు నిలిచిన కేసు

శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక మత్స్యకారుల పేట. యాభై దాటిన వితంతువు. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ నెత్తిన గంప పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మింది. మా హోమ్ కేర్ బృందానికి ఆమె కేసు వచ్చేసరికి అంగిట్లో పుండు పడి, రంధ్రమై, బుగ్గ వైపు పాకింది. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందని పెద్దాసుపత్రిలో చెప్పి ఇంటికి పంపేశారు. మా బృందంలో ఒక డాక్టర్, ఒక నర్సు, నేను ఉంటాం. నాది కౌన్సెలింగు, ఆత్మీయ పరామర్శ. ఆమెని నేను అమ్మా అని పిలిచేదాన్ని, ఇక్కడ కూడా అమ్మ అనే రాస్తాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళకి అడ్డపొగ తరతరాల అలవాటు. చుట్ట వెలిగించి, కాలే కొనని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. సముద్రపు గాలికి ఆరిపోదు, చంకలో ఉన్న బిడ్డ మీద నిప్పు రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిటికి తగులుతాయి. వేరే చోట్ల అరుదుగా కనబడే అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువగా ఉండటానికి కారణం అదే. అమ్మ జబ్బుకి కారణం కూడా అదే. ఈ కేసులో అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె గోడకి చేరబడి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. పడుకుంటే నొప్పి ఎక్కువవుతుందని రాత్రంతా అలాగే కూర్చుంటుందని కోడలు చెప్పింది. గంజి తాగితే సగం ముక్కులోంచి వచ్చేస్తోంది. మాట ముక్కుతో వస్తోంది, సగం అర్థం కాదు. పుండు వాసన గుమ్మం దాకా ఉంది. ఆసుపత్రిలో రాసిచ్చిన నొప్పి మాత్రలు అట్టతో సహా గూట్లో ఉన్నాయి. అంతకు ముందు నెలలో పక్క ఊళ్ళో మూడు రోజుల స్వస్థత కూటాలు జరిగాయి. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఆమె తల మీద చెయ్యి వేసి, “ఇకనుంచి మాత్ర ముట్టుకోకు, ముట్టుకుంటే విశ్వాసం లేనట్టే” అన్నాడట. ఆ రోజు నుంచి ముట్టలేదు.

నర్సు పుండు శుభ్రం చేస్తుండగా నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపయ్యాక ఆమే అంది: “నా పాపమే నన్ను తింటోందమ్మా. నాను దాచుకున్నాను గానీ దేవుడు చూడ్డా ఏటి?”

దాచుకున్నదేమిటో తర్వాత తెలిసింది. పాతికేళ్ళ కిందట బాప్తిస్మం తీసుకున్నప్పుడు చుట్ట మానేస్తానని చర్చి సంఘం ముందు మాటిచ్చింది. మానింది కూడా. భర్త సముద్రంలో పోయాక మళ్ళీ పట్టుకుంది, చీకటితో లేచి, ఎవరూ చూడకుండా. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది, యేసుని తలుచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఆ ఆదివారం ఆమెకి తప్పకుండా ఏదో ఒక పని పడేది. అపాత్రంగా రొట్టె తింటే శిక్ష అని విన్నది కదా, ఆ భయం. ఏళ్ళ తరబడి అలా తప్పించుకుంటూ వచ్చింది. ఎవరూ గమనించలేదు. ఇప్పుడు నోట్లోనే జబ్బు వచ్చింది. ఎక్కడ పాపం చేస్తే అక్కడే కొట్టాడని ఆమె లెక్క కట్టుకుంది.

ఆ లెక్కకి చుట్టూ ఉన్నవాళ్ళు వత్తాసు పలికారు. వదిన అయితే మొహం మీదే అనేసింది, దేవుడితో ఆడుకుంటే ఇలాగే ఉంటుందని. స్త్రీల కూడికలో ఒకామె ఇంటికొచ్చి, తనకి గడ్డ ప్రార్థనతో కరిగిపోయిన సాక్ష్యం చెప్పి వెళ్ళింది. వాళ్ళ పాస్టర్ చిన్న వయసువాడు, మంచి మనసున్నవాడు. వచ్చిన ప్రతిసారీ బైబిల్లోని రోమా పత్రిక 8వ అధ్యాయం 28వ వచనం, సమస్తమూ సమకూడి మేలుకే జరుగుతాయన్న మాట, చదివి వెళ్ళేవాడు. వీళ్ళెవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అయినా వీళ్ళు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ అమ్మ ఇంకాస్త కుంగిపోయేదని కోడలు చెప్పింది.

బైబిల్లో యోబు స్నేహితుల సంగతి ఉంది. యోబు అన్నీ పోగొట్టుకుని, ఒంటి నిండా పుండ్లతో కూర్చున్న నీతిమంతుడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు యోబు పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్ళు చేసిన ఓదార్పంతా ఆ ఏడు రోజులే. నోరు తెరిచాక కారణాలు వెతికారు. చివర 42వ అధ్యాయంలో దేవుడు కోప్పడింది ఆ కారణాలు చెప్పినవాళ్ళ మీద. దేవుణ్ణి నిలదీసిన యోబు మీద కాదు. సామెతలు 25వ అధ్యాయం కూడా ఇదే చెబుతుంది: దుఃఖంలో ఉన్నవాడికి పాటలు వినిపించడం, చలిరోజున ఒంటి మీది బట్ట లాగేసినట్టు. సాక్ష్యం చెప్పి వెళ్ళిన ఆ సహోదరికి ఈ వచనం తర్వాత నేనే చూపించాను. ఆమె చాలా బాధపడింది. ఆ తర్వాత అమ్మ కోసం అందరికంటే ఎక్కువ చేసింది కూడా ఆమే.

ఏది ముందు, ఏది తర్వాత అన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి వాక్యం వినపడదు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయం కాని జబ్బుతో ఉన్నవాళ్ళని చూసుకునే చోటు) స్థాపించిన సిసిలీ సాండర్స్ క్రైస్తవ విశ్వాసంతోనే ఆ పని మొదలుపెట్టింది. ఒంటి నొప్పి, మనసు బాధ, కుటుంబపు దిగులు, దేవుడితో ఉన్న గొడవ ఒకదాన్నొకటి పెంచుకుంటాయని, అన్నిటినీ కలిపి చూడాలని ఆమె నేర్పింది. ఏలీయా కథలోనూ అంతే. బదరీ చెట్టు కింద చావు కోరుకుంటూ పడుకున్న ప్రవక్తకి దూత ముందు రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకోనిచ్చాడు. మళ్ళీ పెట్టాడు. దేవుడి ప్రశ్న ఆ తర్వాతే వచ్చింది.

అందుకని మొదట మా పని మార్ఫిన్ మాత్ర, తీవ్రమైన నొప్పికి ఇచ్చే మందు. అది మామూలు మందుల షాపులో దొరకదు, అనుమతి ఉన్న ఆసుపత్రుల్లోనే ఇస్తారు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక ఆసుపత్రులకి ఆ అనుమతి తెచ్చుకోవడం కొంత సులువైంది. డాక్టర్ మోతాదు నిర్ణయించారు: నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా. రాత్రి పడుకునే ముందు రెట్టింపు, మధ్యలో లేపక్కర్లేకుండా. మలబద్ధకం తప్పదు కాబట్టి దానికీ మొదటి రోజు నుంచే మాత్ర. నర్సు కోడలికి మాత్ర నలిపి చిక్కటి జావలో కలిపి పెట్టడం, తినిపించే ముందు రంధ్రానికి మెత్తగా మడిచిన గాజుగుడ్డ అడ్డం పెట్టడం నేర్పింది.

కానీ మాత్ర ఇచ్చినంత మాత్రాన అమ్మ వేసుకోదు. విశ్వాసం లేనట్టే అన్న మాట అడ్డం ఉంది. దాన్ని నేను తీసేస్తే సరిపోదు, నేను ఆసుపత్రి మనిషిని. తీస్తే పాస్టరే తీయాలి. ఆయనతో విడిగా కూర్చున్నాను. ఆయన భయాలు ఆయనకున్నాయి: మార్ఫిన్ అంటే మత్తుమందు కదా, అలవాటు పడిపోతుందేమో, చావు తొందరగా వస్తుందేమో అని. నొప్పికి తగ్గ మోతాదులో ఇస్తే అలాంటిదేం జరగదని డాక్టర్ ఆయనకి ఫోన్‌లో ఓపికగా వివరించారు. నేను సోంపేట గుర్తు చేశాను. ఇదే జిల్లాలో, కెనడియన్ బాప్టిస్టు మిషన్ డాక్టర్ బెన్ గలిసన్ అక్కడ వేలమందికి కళ్ళ ఆపరేషన్లు చేశాడు. 1963లో కాల్గరీలో మొదలైన ఆపరేషన్ ఐసైట్ సంస్థ ఆయన పనికి చేయూతనివ్వడానికే పుట్టింది. ఈ తీరానికి సువార్త తెచ్చిన చేతులే మందులూ తెచ్చాయి. పాస్టర్ వాళ్ళ నాయనమ్మ అక్కడే కంటి ఆపరేషన్ చేయించుకుందట. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “సాయంత్రం వస్తానమ్మా” అన్నాడు.

వచ్చాడు. మాత్ర కలిపిన గిన్నె చేత్తో పట్టుకుని, భోజనానికి ముందు చేసే ప్రార్థనలాగే చేశాడు, రెండు మాటల్లో. “అమ్మా, ఇది దేవుడిచ్చిందే, తీసుకో” అని తనే చెంచాతో నోట్లో పెట్టాడు. మోతాదు సరిపడేలా సర్దడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ తర్వాత అమ్మ పడుకుని నిద్రపోయింది. మళ్ళీ వెళ్ళినప్పుడు తువ్వాలు చేతిలో ఉంది గానీ నోటికి అడ్డం లేదు.

ఇక అసలు విషయం, ఆ అపరాధ భావం. ఇలాంటి చోట చాలామంది యోహాను 9వ అధ్యాయం ఎత్తుకుంటారు, ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు’ అని. అమ్మకి అది సరిపోదు. జబ్బుకి చుట్టే కారణమని ఆమెకి తెలుసు, మాకూ తెలుసు. “నీ తప్పేం లేదమ్మా” అంటే అబద్ధమవుతుంది, ఆమె నమ్మదు కూడా. అబద్ధంతో ఓదారిస్తే మనిషి ఇంకా ఒంటరైపోతుంది. ఎందుకంటే నిజం మోసుకునేది ఇక తనొక్కతే.

నేను పట్టుకున్న దారి వేరు. కారణం వేరు, శిక్ష వేరు. ఒకరోజు ఆమెనే అడిగాను, “పేటలో ఇంకెంతమంది అడ్డపొగ కాలుస్తారమ్మా?” చాలామంది పేర్లు చెప్పింది. “అందరికీ వచ్చిందా?” “రాలేదు.” “మీ అమ్మ?” “కాల్చింది. ముసలిదై పోయింది.” అప్పుడు లూకా 13వ అధ్యాయంలోంచి సిలోయము గోపురం సంగతి చెప్పాను. గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులా అని యేసే ప్రశ్న వేసి, కాదని తనే జవాబిచ్చాడు. గోపురం ఎందుకు కూలిందో రాళ్ళూ సున్నమూ తెలిసినవాడు చెప్పగలడు. దాన్ని ఆ పద్దెనిమిది మంది మీదికి దేవుడు తోశాడని ఎవరూ చెప్పకూడదు. పొగ అంగిటిని కాల్చింది, అది నిజం. దేవుడు పగబట్టి కాల్చాడన్నది మాత్రం ఆమె భయం కట్టిన లెక్క.

ఒక్క మాటతో ఇది ఒదిలిపోలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఆ లెక్క మళ్ళీ వచ్చేది. ఆమెని కదిలించింది చివరికి 103వ కీర్తనలోని ఒక చిన్న మాట: ‘మనము మంటివారమని ఆయన జ్ఞాపకము చేసికొనుచున్నాడు’. మొగుడు పోయిన ఇంట్లో, తెల్లవారకముందే లేచి, ఒక్క పొగ పీల్చి గంప ఎత్తుకున్న మనిషి. ఆ పొగ తప్పే కావచ్చు. ఆ పొద్దున ఆమె ఎంత అలిసిపోయి ఉందో కూడా దేవుడికి తెలుసు కదా. నేను అది అన్నప్పుడు ఆమె మొదటిసారి ఏడ్చింది. ఎంత ఏడ్చిందంటే కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. “ఏడవనీ” అన్నాను.

ఆ వారమే ఆమె పాస్టర్‌ని పిలిపించుకుని అంతా చెప్పేసింది. ఆయన మందలించలేదు, వచనం కూడా చదవలేదు. “ఇన్నేళ్ళు ఒక్కదానివే మోశావా అమ్మా” అన్నాడట. కోడలు నాకు చెప్పిన మాట అది. ఓదార్పులో శిక్షణ పొందినవాళ్ళు కూడా అంత చక్కగా అనలేరు.

మొర గురించి కూడా రాయాలి. మన సంఘాల్లో స్తుతి బాగా నేర్పుతాం, మొర నేర్పం. పరామర్శకి వెళ్తే “ఎలా ఉన్నావమ్మా” అంటాం, ఆమె “దేవుని కృప వల్ల బాగున్నాను” అనాలి, లేకపోతే మనకే ఇబ్బంది. కీర్తనల్లో ఎన్నో మొరలే. 13వ కీర్తన ‘ఎన్నాళ్ళవరకు నన్ను మరచిపోవుదువు’ అని మొదలవుతుంది. 88వ కీర్తన అయితే చివరి దాకా వెలుగే లేకుండా, ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ముగుస్తుంది. దాని చివర ఎవరూ ఒక ఆశావచనం అతికించలేదు, అలాగే గ్రంథంలో ఉంచేశారు. అమ్మకి చదువు రాదు. కోడలు ఫోన్‌లో ఆడియో బైబిలు పెట్టి ఆ కీర్తన వినిపించింది. విని, “దేవుడితో అలగ అనొచ్చా?” అని అడిగింది. “అన్నవాళ్ళ మాటలే బైబిల్లో రాశారమ్మా” అన్నాను. తర్వాత రోజూ రాత్రి అదే పెట్టించుకునేది. మాట సరిగ్గా రాని మనిషికి తన తరఫున ఎవరో మాట్లాడుతున్నట్టుండేదేమో.

వాసన వల్లే మనుషులు రావడం మానేశారన్నది మొదట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ప్రార్థనకి వీలు పడలేదని, పనులున్నాయని అన్నారు. దానికి తగ్గ మందు ఉందని నర్సు స్త్రీల కూడికలో చెప్పింది. మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లితే కొన్ని రోజుల్లో వాసన బాగా తగ్గుతుంది. ఈగలు వాలకుండా పగలు కూడా దోమతెర కట్టాలి, వాసన లాగడానికి మంచం కింద నిప్పు లేని బొగ్గుల పళ్ళెం పెట్టాలి. వాసన తగ్గేసరికి జనం వచ్చారు. వాళ్ళు వచ్చాక ఏం చెయ్యాలో కూడా చెప్పాలి కదా. సాక్ష్యం చెప్పిన సహోదరే పూనుకుని, వంతులు వేసింది. ఒకరు గాజుగుడ్డ ముక్కలు ఉడకబెట్టి ఆరేస్తారు, ఒకరు మధ్యాహ్నం పూట కూర్చుంటారు, కోడలు ఆ రెండు గంటలు పడుకుంటుంది. వెళ్ళినవాళ్ళు జబ్బు ఎలా వచ్చిందని అడగకూడదు, ఎవరికో నయమైన కథ చెప్పకూడదు, “ప్రార్థన చెయ్యమంటావా, ఊరికే కూర్చోమంటావా” అని అమ్మనే అడగాలి. చాలాసార్లు ఊరికే కూర్చోమనేది.

కోడలి గురించి ఎవరూ అడగరు, ఇది ప్రతి ఇంట్లోనూ చూస్తాను. పుండు కడిగేది ఆమె, రాత్రి లేచేది ఆమె, అత్త అరిస్తే పడేది ఆమె. భర్త గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పనిచేస్తాడు. సీజన్‌లో సముద్రంలో ఉంటే ఫోనే కలవదు. ఒకరోజు ఆమె పెరట్లోకి పిలిచి, “ఈ పుణ్యమంతా నాకేల అక్కా” అంది, కోపంగా. నేను సమాధానం చెప్పలేదు. ఆ కోపం న్యాయమైనదే. ఆ తర్వాత మధ్యాహ్నపు వంతులు పెంచమని అడిగాను, పెంచారు.

కొడుకు సెలవు పెట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే తల్లిని విశాఖపట్నంలో జరిగే పెద్ద స్వస్థత సభకి తీసుకెళ్తానన్నాడు, కారు కూడా మాట్లాడాడు. దూరంగా ఉన్న కొడుకు బాధ అలాగే బయటపడుతుంది, ఏదో ఒకటి పెద్దగా చెయ్యాలనిపిస్తుంది. నేను స్వస్థత ప్రార్థనకి వ్యతిరేకిని కాను. దేవుడు బాగు చేస్తాడని నమ్ముతాను, అడగమనీ చెబుతాను. కానీ యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఏం చెబుతుందో ఆ అబ్బాయికి చూపించాను: రోగి సంఘపు పెద్దల్ని పిలిపించాలి, వాళ్ళొచ్చి నూనె రాసి ప్రార్థించాలి. రోగిని స్టేజీ దగ్గరికి మోసుకుపొమ్మని లేదు. ఆ స్థితిలో అంత దూరం కారులో కుదుపులు ఆమె తట్టుకోలేదని డాక్టర్ కూడా చెప్పారు. పెద్దలు ఇంటికే వచ్చారు. నూనె రాశారు, బాగు చెయ్యమని అడిగారు, బాగు కాకపోయినా వదలొద్దని కూడా అడిగారు. ఆ రెండో మాట కొడుకే చేర్చమన్నాడు. మందులు ఒక్కపూట కూడా ఆపలేదు.

మొదటి ఆదివారం సాయంత్రం పాస్టర్ ప్రభు బల్ల ఇంటికి తెచ్చాడు. అమ్మ మింగగలదా అన్నదే అందరి టెన్షన్. నర్సు ముందు రోజే చూపించింది: వీపు నిటారుగా, తల కొంచెం ముందుకి, రంధ్రానికి గాజుగుడ్డ. రొట్టెలోంచి గోటి మొన అంత ముక్క తీసి, చెంచాలో ద్రాక్షరసంలో నానబెట్టాడు. మెత్తగా అయ్యేదాకా ఆగాడు. ఆ ఆగిన రెండు నిమిషాలూ ఎవరూ పాట పాడలేదు. నాలుక వెనకగా పెడితే ఒక్క గుక్కలో వెళ్ళిపోయింది, ముక్కులోంచి రాలేదు. గది నిండా మనుషులున్నారు, వదిన కూడా వచ్చింది. అందరికీ పంచాక అమ్మ ఖాళీ పళ్ళెం వైపు చూపించి ఏదో అంది. మళ్ళీ వచ్చే నెల కూడా తెస్తారా అని అడిగిందట. మళ్ళీ రెండుసార్లు తెచ్చాడు.

చివరి వారం ఎక్కువగా నిద్రలోనే ఉంది. కొడుకు పక్కనే ఉన్నాడు. భూస్థాపన దగ్గర పాస్టర్ జబ్బుని పాఠంగా చెప్పలేదు. అలా చెప్పొద్దని నేను ముందే అడిగాను. ఆమె ఎవరెవరికి చేపలు అరువిచ్చి డబ్బులు అడగలేదో ఆ సంగతులు చెప్పాడు. నవ్వారు, ఏడ్చారు.

తర్వాత రెండు పనులు మిగిలాయి. ఒకటి కోడలు. దినాలు అయిపోయాక జనం రావడం తగ్గిపోతుంది, అప్పుడే మొదలవుతుంది ఆమె కష్టం. రాత్రి మాత్ర వేళకి ఇప్పటికీ మెలకువ వస్తుందని చెప్పింది. ఏదో మర్చిపోయినట్టు గుండె దడ. ఆమె దగ్గరికి స్త్రీల కూడిక వాళ్ళని నెలనెలా వెళ్ళమన్నాను, నేనూ వెళ్తున్నాను. అత్త మీద విసుక్కున్న మాటలు ఆమెని పీడిస్తున్నాయి. వాటి గురించి మాట్లాడుకుంటున్నాం.

రెండోది పేటలోని మిగతా ఆడవాళ్ళు. ముప్పై దాటినవాళ్ళ నోరు చూడటం ఇప్పుడు ప్రభుత్వ స్క్రీనింగ్‌లో భాగమే. కానీ అడ్డపొగ దాచుకునే మనిషి నోరు తెరవదు. పాస్టర్ ఒక ఆదివారం మందిరంలో సూటిగా చెప్పాడు: అలవాటున్నవాళ్ళు ప్రభు బల్లకి దూరంగా ఉండొద్దు, నాతో వచ్చి మాట్లాడండి, మానడానికి సాయం చేస్తాం, ఎవరినీ నిలబెట్టి అడగం అని. ఆ నెల ఏఎన్ఎమ్ (ఊళ్ళకి వచ్చే ప్రభుత్వ నర్సు) వచ్చినప్పుడు మందిరం వసారాలోనే కుర్చీ వేసి, టార్చి లైటుతో నోళ్ళు చూసింది. వచ్చినవాళ్ళలో వదిన ఉంది. పాపం వల్లే జబ్బు వచ్చిందన్న మాట ఆమె ఇప్పటికీ వదల్లేదు. ఆమె అంగిట్లో తెల్లటి మచ్చలున్నాయి. పరీక్షకి పంపాం, ముక్క తీశారు, క్యాన్సర్ లేదన్నారు. చుట్ట పూర్తిగా మానలేదు, రోజుకి ఒకటికి తగ్గించింది. కోడలు వారానికోసారి ఆమె దగ్గరికి వెళ్ళి కూర్చుంటోంది.